పొద్దుటి తొలి నీళ్ళు

ప్రియమైన పిన్నికి,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటంటావా? మా ల్యాబ్‌లో గోడలకి చెవులున్నాయి. ఆ చెవులున్న మనిషి నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు.

ఈ నగర నీటి పీహెచ్‌డీలో మమ్మల్ని జంటలుగా కట్టారని చెప్పాను కదా. నాది కెమిస్ట్రీ, అతనిది సమాజశాస్త్రం. ఒకరి విద్య ఒకరికి అబ్బాలని మా గైడ్ ఆశ. మా ఇద్దరికీ ఒక పాత వీధి అప్పగించారు. అక్కడివన్నీ సీసం పైపులు. రాత్రంతా పైపులో నిలవున్న నీళ్ళలోకి సీసం దిగుతుంది, అందుకే పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చే తొలి నీళ్ళు పట్టి పరీక్షించాలి. మొదట్లో నేను వెళ్ళి పట్టినప్పుడు ఇంటింటా సీసం తేలింది. ఆ తర్వాత నేను ల్యాబ్‌లో ఉండి అతన్ని పంపుతున్నాను. అవే ఇళ్ళు, అవే కుళాయిలు, సీసం మాత్రం మాయం! పైపులకి బుద్ధొచ్చిందంటే నమ్మమంటావా? పైగా అతని మేనమామ నీటి శాఖలో ఇంజినీరని నిన్ననే తెలిసింది.

అతను తెచ్చిన నీళ్ళే రిపోర్టుకెక్కితే ఆ పైపులు ఎవరూ మార్చరు. చివరింట్లో ఒక చంటిపిల్ల ఉంది. దాని పాలు ఆ నీళ్ళతోనే కలుపుతారు. నన్నేం చేయమంటావు?

నీ పిడుగు

*

పిడుగూ,

నీ ఉత్తరం చదువుతూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. బీమా క్లెయిములు తనిఖీ చేసి చేసి నాకు తెలిసిందేమిటంటే, నిప్పు లేనిదే పొగ రాదు, మేనమామ లేనిదే మేనల్లుడికి ధైర్యం రాదు.

అతన్ని మాత్రం అడగకు. అడిగావో, జాగ్రత్త పడతాడు. నీకసలే కడుపులో మాట దాగదు. అతను వెళ్ళొచ్చిన మర్నాడు నువ్వు చెప్పాపెట్టకుండా వెళ్ళి అవే కుళాయిల్లో నీళ్ళు పట్టు. రెండూ పక్కపక్కన పెట్టి గైడ్‌కి చూపించు. మొహమాటపడితే ఆ పసిదాని ఉసురు నీకే తగులుతుంది.

మీ బాబాయి "ఆ కుర్రాడి మాట కూడా ఓసారి వినమను" అంటున్నారు. చెప్పులు ఎత్తుకుపోయిన కుక్కని కూడా వెనకేసుకొచ్చే మనిషాయన, పట్టించుకోకు.

ప్రేమతో,
పిన్ని

*

పిన్నీ,

నువ్వన్నట్టే చేశాను. అతను తెచ్చిన నీళ్ళు శుభ్రం. మర్నాడు నేను పట్టినవాటిలో సీసం. ఫలితాలు రెండూ గైడ్ ముందు పెట్టాను.

ఆవిడ అతన్ని పిలిచి అడిగారు. "నేను ఆ ఇళ్ళకే వెళ్ళానండీ. ఆ కుళాయిల్లోనే పట్టాను," అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. నిజంగా వెళ్ళినవాడైతే అరిచి గోల చేయడూ? విచారణ తేలేదాకా ఆ వీధి మొహం చూడొద్దన్నారు. తప్పు రుజువైతే సీటు పోతుంది.

అతను బల్ల సర్దుకుంటున్నంతసేపూ నేను ఖాళీ టెస్ట్‌ట్యూబ్ కడుగుతూ నిలబడ్డాను. గెలిచినట్టు లేదు పిన్నీ, అన్నం సయించడం లేదు. ఇకనుంచి ఇంటింటా ప్రశ్నలడిగే అతని సర్వే పని కూడా నా నెత్తినే.

నీ పిడుగు

*

పిడుగూ,

శభాష్! అరవలేదంటే దొరికిపోయాడనే అర్థం. అన్నం మానేస్తే చిక్కిపోయేది నువ్వు, అతను కాదు. మేనమామ ఊరుకోడు, కనిపెట్టుకుని ఉండు. మీ గైడమ్మ కూడా మరీ ఇంత తొందరగా నమ్మిందేమిటి? ఆవిడ మీద కూడా ఓ కన్నేసి ఉంచు.

ఆశీస్సులతో,
పిన్ని

*

ప్రియమైన పిన్నికి,

ఈ ఉత్తరం బాబాయికి కూడా చదివి వినిపించు.

సర్వేకి ఒక పద్ధతుంది. ముందురోజే ఫోన్ చేసి, ఇంటివాళ్ళు సరేనన్నాకే వెళ్ళాలి. మా కెమిస్ట్రీవాళ్ళకి ఆ అలవాటు లేదు, నేరుగా వెళ్ళి తలుపు కొడతాం. ఈసారి అతని పని కాబట్టి అతనిలాగే అందరికీ ఫోన్ చేసి వెళ్ళాను. నా చేత్తోనే పట్టాను, నా చేత్తోనే పరీక్షించాను. సీసం లేదు.

మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి చెప్పిన వేళకంటే ముందే వెళ్ళాను. చివరింటి వంటగదిలో కుళాయి ధారగా పోతోంది.

"అదేంటండీ, నీళ్ళలా వదిలేశారు?"

"మీరొస్తామని ఫోన్ చేశారు కదమ్మా. ఇంటికొచ్చినవాళ్ళకి రంగునీళ్ళు ఎలా పడతాం? తేటపడేదాకా వదులుతాం. ఈ వీధిలో అందరం అంతే. ఆ అబ్బాయొచ్చినప్పుడూ అంతే," అందావిడ.

"మరి పాప పాలకి?"

"రోజూ అన్నేసి నీళ్ళు పారబోస్తామా తల్లీ!" అని నవ్వింది. పాలకి ఆ నీళ్ళు వద్దేవద్దని అప్పుడే గట్టిగా చెప్పాను.

తొలి నీళ్ళు పట్టుకురమ్మని అతనికి చెప్పాను గానీ, అంతకుముందు ఎవరూ కుళాయి తిప్పకూడదని చెప్పలేదు. అది తెలియనివాళ్ళుంటారా అనుకున్నాను. ఫోన్ చేసే వెళ్తానని అతనూ చెప్పలేదు. చేయకుండా వెళ్ళేవాళ్ళుంటారా అనుకున్నాడు. ఆ మేనమామ రిటైరై చాలా కాలమైందట.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. జరిగిందంతా అందరి ముందూ చెప్పాను. తర్వాత అతని ఇంటికెళ్ళి క్షమించమన్నాను. "ఒక్కసారి నన్నే అడిగి ఉండాల్సింది," అన్నాడు. పిన్ని వద్దందని చెప్పలేకపోయాను. విన్నది నేనే కదా. నీ మీద కోపం లేదు, నా మీదే అసహ్యంగా ఉంది.

ఆ వీధి కోసం తిరిగొచ్చాడు. ఇవాళ ఇద్దరం కలిసి వెళ్ళాం. రాత్రి కట్టేసిన కుళాయి మేమొచ్చేదాకా ఎందుకు తిప్పకూడదో ప్రతి ఇంట్లోనూ నవ్వుతూ వివరించాడు. మళ్ళీ సీసం తేలింది, ఈసారి ఇద్దరి సంతకాలతో రిపోర్టు వెళ్తుంది. చివరింట్లో బాటిల్ నా చేతికిస్తూ "తీసుకోండి" అన్నాడు. ఇన్నాళ్ళూ నన్ను నువ్వనే పిలిచేవాడు.

నీ పిడుగు