లాస్య గుర్రానికి పెట్టిన జూలు

ఫరంపేట, యానాం
14-9-2006

అక్కకు,

ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను.

నీ మనవరాలు లాస్య ప్లాస్టిక్ గుర్రానికి కొత్త జూలు, తోక పెట్టి పంపాను కదా. అందిన రోజు నువ్వు, "ఏరా, ఈ జుట్టెక్కడ దొరికిందిరా? అచ్చం మనిషి జుట్టులాగే ఉంది!" అని మురిసిపోయావు. కాకినాడలో కొన్నానన్నాను. అది అబద్ధం.

అది అమ్మ సవరం. రాలిన జుట్టంతా పోగుచేసి తను కట్టించుకున్నది. అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు అడిగితే ఎలకలు కొరికేశాయన్నాను. నువ్వు పట్టుకుపోతావని దాచేశాను.

కొన్న నైలాను జుట్టును సాపు చేద్దామని మరిగే నీళ్లలో వేస్తే ముద్దయిపోయింది. పాప పుట్టినరోజు ఇంక రెండు రోజులే ఉంది. సవరం విప్పి, కుంకుడు రసంతో కడిగి, నీడన ఆరబెట్టాను. చిన్న పాయలుగా కట్టి, గుర్రం మెడ మీది చిల్లుల్లో ఒక్కొక్కటే గుచ్చాను. నేను రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ జుట్టు ఎక్కడిదో రాయడానికి చెయ్యి రాలేదు.

నిన్న లాస్య ఫోను చేసి, "తాతయ్యా, రోజూ కొబ్బరినూనె రాసి జడేస్తున్నాను, అస్సలు చిక్కు పడట్లేదు" అంది. సిగ్గేసి ఫోను పెట్టేశాను.

మిగిలిన సగం ఈ కవరులో ఉంది. అది నీది. నన్నేమన్నా పడతాను. గుర్రాన్ని మాత్రం పాప దగ్గర నుంచి తీసుకోవద్దు. పదకొండేళ్లు పెట్టెలో దాచుకున్నానే గాని, ఆ జుట్టును నేను ఒక్కసారైనా దువ్వలేదు.

నీ తమ్ముడు