నా మోకాలి కొలత కుర్చీ

కాత్ర్ బోర్న్, మారిషస్
శుక్రవారం

నాన్నకు,

రమణ నీ పాదాలకు మొక్కి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ అమ్మా ఎలా ఉన్నారు? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా ఆరోగ్యం గురించి దిగులు పడకండి, దానికేం లోటు లేదు. కోపంతో మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మీ అల్లుడికి బళ్లో తెలుగు చెప్పే పని సాగుతోంది. వాన వదలడం లేదు, బట్టలు ఆరవు. బియ్యం దొరుకుతుంది, గోంగూర దొరకదు. పగలంతా పలకరించే మనిషి లేక గోడలు చూస్తుంటాను. అందుకే ఒక కుర్చీ చేయించుకున్నాను. వడ్రంగి కూతురి బుద్ధి ఎక్కడికి పోతుంది?

చెక్కడం లేని కుర్చీ అది. నువ్వు చూస్తే బోడిగా ఉందంటావు. ఇప్పుడిక్కడ అందరిళ్లలో ఇవే. కాళ్లు కిందికి పోయేకొద్దీ సన్నబడి బయటికి వాలి ఉంటాయి. కింద చీపురు సాఫీగా తిరుగుతుంది. మా వీధి చివర రెనే అని వడ్రంగి ఉన్నాడు. అతను ఫ్రెంచి పత్రికలో బొమ్మ చూపిస్తే, టేకు పలకలు నేనే తట్టి చూసి ఏరాను. కొలత నువ్వు మునసబు గారికి తీసినట్టే తీశాను. అరికాలి నుంచి మోకాలి వంపు దాకా దారం పట్టి, ముడి వేసి ఇచ్చాను. కుర్చీ కిటికీ పక్కన, ఎండ తగలనిచోట వేసుకున్నాను. తడిగుడ్డ తగలనివ్వను. నెలకోసారి అవిసె నూనె రుద్దుతాను.

మొన్న ఆదివారం మాంటాన్ బ్లాంష్ నుంచి భజన నడిపించే తాతగారొకరు వచ్చారు, మా ఇంట్లో రామభజన పెట్టుకుంటామేమో అడగడానికి. నేను కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. గేటు చప్పుడు కాగానే మీ అల్లుడు, "లే, లే. పెద్దాయన వస్తున్నారు. ఆడమనిషి కుర్చీలో కూర్చుంటే ఏమనుకుంటారు?" అన్నారు. చిక్కుళ్ల పళ్లెంతో సహా లేచాను. లేచినందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

తాతగారు పొడుగు మనిషి. నా కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. చెయ్యి అందిస్తే గానీ లేవలేకపోయారు. లేచి, కుర్చీ కాళ్ల వంక చూసి నవ్వారు. "ఈ సెజ్ నాకు కాదు అమ్మా. నీ మోకాలు చూసి చేసింది. నువ్వు కూర్చో, నాకు బాం చాలు" అని వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. ఇక్కడివాళ్లు కుర్చీని సెజ్ అనీ, బెంచీని బాం అనీ అంటారు. ముక్కూ మొహం తెలియని మనిషికి అర్థమైంది. తాళి కట్టిన మనిషికి కాలేదు.

ఆయన వెళ్లగానే మీ అల్లుడు, "పరువు పోయింది. రేపే రెనేని పిలిచి కాళ్ల కింద దిమ్మలు కొట్టించి ఎత్తు పెంచుతాను. పైన ప్లాస్టిక్ తొడుగు వేద్దాం. వచ్చేవాళ్లకు ఉంటుంది" అన్నారు. దేశానికి స్వాతంత్ర్యం వస్తోందని ఇక్కడ ఏ కొట్టు దగ్గర నిలబడినా అదే మాట. మా ఇంట్లో కుర్చీ దాకా ఇంకా రాలేదు.

సోమవారం సాయంత్రం రెనే దిమ్మలూ మేకులూ పట్టుకుని వచ్చాడు. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. మీ అల్లుడు లేవమన్నారు. లేవలేదు. అన్నం మాడుతోందన్నారు. మాడనీ అన్నాను. రెనే నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. "మదామ్ పే అసిజే. మో పా కపావ్" అన్నాడు. అమ్మగారు కూర్చున్నారు, నా వల్ల కాదు అని. సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. మాడిన అన్నమే ఇద్దరం తిన్నాం. నాలుగు రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

కోపమంతా ఆయన మీదే అనుకునేవు. సగం నీ మీద. అలా మొండికేసి కూర్చున్నంతసేపూ అమ్మే గుర్తొచ్చింది. మునసబు గారి మోకాలికి దారం పట్టావు, కరణం గారి మోకాలికి పట్టావు. అమ్మ మాత్రం రంపంపొట్టు మీద గోనె పరుచుకుని, నీ కుర్చీలన్నిటికీ నునుపు తేలేదాకా ఉప్పుకాగితం రుద్దేది. ఒక్కదాంట్లోనైనా కూర్చోగా నేను చూడలేదు. మోకాళ్లు నొప్పంటే నూనె రాసుకోమన్నావు. ఒక్కనాడూ తోచలేదా నాన్నా? నాకూ తోచలేదు. అమ్మను నేలమీదే వదిలి ఓడెక్కాను.

పెదనాన్నకూ అత్తకూ నా దండాలు చెప్పు. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు, ఒక్క ముక్క దాటేయకు. ఇంత మాట రాసినా నేను నీ బిడ్డనే. చల్లగా ఉండమని ఒక్కసారి అనుకో.

నీ కూతురు
రమణ

తా.క. అమ్మదీ నాదీ ఒకటే ఎత్తు కదా అని నా దారం ఈ కవరులో పెట్టాను. మళ్లీ తీసేశాను. నువ్వే వంగి అమ్మ కాలు కొలువు.