దిబ్బ మీద రెండు లెక్కలు

1967 అక్టోబరు 5

నా లెక్క పంతొమ్మిది డేగలు. అప్పన్న లెక్క ముప్పై నాలుగు.

ఒకటే ఇసకదిబ్బ, ఒకటే ఆకాశం, అవే మూడు గంటలు. నా చేతిలో ఒంటికంటి దుర్భిణి — ఏదో ఓడ కెప్టెనుదట, పాత రేవు సామాన్ల వేలంలో కొన్నది. వాడి చేతిలో వల అల్లే దారం. డేగ కనిపిస్తే ఓ ముడి. చదువు రాని జాలరికి అదే పుస్తకం. ముడులు నేనే లెక్కపెట్టేను, రెండుసార్లు. ముప్పై నాలుగే.

మరి ఈ పదిహేను ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?

అక్టోబరు 6

ఇవాళ పన్నెండు, ఇరవై ఎనిమిది.

పక్షుల లెక్కలు పోగుచేసే బొంబాయి పెద్దాయన ఉత్తరం మళ్ళీ తీసి చదివేను. చలికాలానికి ఒడ్డు వెంట దక్షిణానికి దిగే డేగలూ గద్దలూ ఎన్నో కావాలి... తక్కువైనా ఫర్వాలేదు, కల్పన మాత్రం వద్దు. పోయినేడు నేనొక్కణ్ణే చూసేను. ఏ తగువూ లేదు. ఈ ఏడు సాయం ఉంటాడని వీణ్ణి పిలిచి నెత్తికెక్కించుకున్నాను.

దుర్భిణి అద్దం మళ్ళీ తుడిచేను. ఉప్పుగాలికి ఊరికే మసక పట్టేస్తోంది.

అక్టోబరు 8

దొరికేడు అనుకున్నాను!

వాడు 'ఒకటి' అనడు. ధాన్యం కొలిచినట్టు 'లాభం, రెండు, మూడు' అంటాడు. గుంపు మారినప్పుడల్లా మళ్ళీ లాభం. ఆ లాభానికో ముడి వేసి, మొదటి డేగకి మళ్ళీ ఇంకో ముడి వేస్తున్నాడేమో? గుంపుకొకటి చొప్పున అదనం!

గవ్వలు మూడు కుప్పలు పోసేను. ఏడు, అయిదు, తొమ్మిది. లెక్కపెట్టరా అన్నాను. లాభం, రెండు, మూడు... ఇరవై ఒక్క ముడులు. ఒక్కటీ ఎక్కువ లేదు.

"ఏటి మేస్టారూ, నాకు పరీచ్చ పెడతన్నారా?" అని నవ్వేడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అక్టోబరు 9

మా ఆవిడ సావిత్రికి చెప్పేను. "అబద్ధమాడితే ఆడికేటి ఒరుగుతాదండీ?" అంది.

ఏమొరుగుతుందా... మొన్న అడిగేడు కదా — "మన లెక్క బొంబాయిలో సదువుతారా మేస్టారూ?" అదీ సంగతి. పేరు పాకాలి. నన్ను సంతోషపెట్టాలి.

"అనుమానం పెనుభూతం" అని వంటింట్లోకి పోయింది. పేపరు చదువుదామంటే దీపం గుడ్డిగా ఉంది. కిరసనాయిలు కల్తీ. ఆ కోమటి మీద నాకు ఎప్పట్నుంచో అనుమానమే.

అక్టోబరు 11

పన్నాగం పన్నేను.

ఓ గుంపు వెళ్ళేక అడిగేను — "అందులో కొరమీనుగద్ద చూసేవా?" నిజానికి లేదు. ఉందంటాడు, పట్టేద్దాం అనుకున్నాను.

"నేదు మేస్టారూ. అన్నీ డేగలే. కొరమీనుగద్దయితే పొట్ట తెల్లగుంటాది."

గడుసువాడు. ఎక్కడ ఒప్పుకోవాలో ఎక్కడ కొట్టెయ్యాలో బాగా తెలుసు.

అక్టోబరు 13

పద్ధెనిమిది. నలభై ఒకటి.

"పైనున్నాయి మేస్టారూ, బాగా పైన. అదుగో ఆ మబ్బంచున... ఏటలా సూస్తారు, ఇటు!" వేలు పెట్టి చూపించేడు. దుర్భిణి పెట్టేను. తెల్లటి ఆకాశం.

లేనివి చూపించడానికి కూడా సిగ్గులేదు.

అక్టోబరు 14

బొంబాయికి రాసేసేను. 'నా సహాయకుని లెక్క నమ్మదగినది కాదు. అది కొట్టివేసి నాది మాత్రమే ఉంచగలరు. వచ్చే ఏడు అతను ఉండడు.' పోస్టు డబ్బాలో వేసి, తిన్నగా పడవల దగ్గరికి వెళ్ళి చెప్పేను, రేపట్నుంచి రావద్దని. ఎందుకో కూడా చెప్పేను.

అప్పన్న చేతిలో వల పక్కన పెట్టేడు.

"నీళ్ళ మీద నీడ సూసి సేపల గుంపని సెప్పే కళ్ళు మేస్టారూ ఇవి. నానబద్దమాడితే పడవలో ఐదుగురు పస్తుంటారు. డేగల కాడ అబద్దమేల ఆడతాను?"

ఇంటికి వచ్చేసేను. అన్నం సయించలేదు. కోపమే, ఇంకేం కాదు.

అక్టోబరు 15

ఒంటరిగా. తొమ్మిదైంది, పదైంది. ఒక్కటీ లేదు.

కింద చేపలు ఎండేసిన ఆడవాళ్ళు ఒక్కసారిగా అరుపులు. "ఒసే, వల కప్పండే! సూడవే, ఎన్నెన్నొస్తన్నాయో!" తాటాకులు ఊపుతున్నారు. అందరి మొహాలూ పైకే.

నేనూ చూసేను. తెల్లగా ఉంది. దుర్భిణి తుడిచి చూసేను. తెల్లగానే ఉంది.

అప్పుడు ఎడం కన్ను మూసేను. కుడికన్ను ముందు పడవలు లేవు, ఆడవాళ్ళు లేరు. కుండ మీద ఆవిరిలాగ తెలుపు. దుర్భిణి ఇన్నాళ్ళూ ఆ కంటికే పెట్టేను.

చాలా భయం వేసింది. దిబ్బ మీద అలాగే కూచుండిపోయేను.

అక్టోబరు 16

తెల్లారగానే పోస్టాఫీసుకి పరిగెత్తేను. ఉత్తరాల సంచీ శనివారమే ఆమదాలవలస బస్సెక్కిపోయిందట.

అప్పన్న ఇంటికి వెళ్ళేను. గుమ్మంలో వల బాగుచేస్తున్నాడు, తలెత్తలేదు. "నిన్నెన్ని సూసేరు మేస్టారూ?"

"పదకొండు" అన్నాను.

అక్కడే దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అతను "సరే" అన్నాడు.

అక్టోబరు 19

దసరా సెలవులయ్యేయి, బడి తెరిచేరు. హాజరు పుస్తకంలో పేర్లు గీతల్లా ఉన్నాయి, గుర్తున్నవరకూ పిలిచేను. ఇన్‌స్పెక్టరుకి తెలిస్తే? సావిత్రికి కూడా చెప్పలేదు.

'అయ్యా, నా కళ్ళు' వరకూ రాసి ఆపేను. చించేసేను.

అక్టోబరు 22

ఆదివారం. దిబ్బ మీదకి వెళ్ళేసరికి అప్పన్న ఉన్నాడు. నేను రమ్మనలేదు. రెండు సరుగుడు చెట్ల అవతల, నాకేసి చూడకుండా పక్కకి తిరిగి కూచున్నాడు. ఒడిలో దారం.

నేనూ నా లెక్కల పుస్తకం తీసేను. ఆవిరి లేని ఎడం కంటికి ఆకాశం అందదు గాని, అతని చేతులు అందుతాయి. ఒక ముడి. మళ్ళీ ఒకటి. వెంట వెంటనే నాలుగు...

వేళ్ళు చూసి గీతలు గీస్తున్నాను. ఇప్పటికి ఇరవై మూడు. నా లెక్క అనే గడిలో రాస్తున్నాను.