అక్క గరిటెలకు నేను కొన్న వైస్

ఆత్మకూరు

అక్కా, మేం బాగానే ఉన్నాం, దిగులుపడొద్దు. ఫోన్ చేస్తే "ఏం లేదులే" అని పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

కొయ్య కదలకుండా బిగించి పట్టుకోడానికని నేను పంపిన వైస్ గురించి నిన్న నీ కూతురు సుకన్య వచ్చి అసలు సంగతి చెప్పింది. "మామా, నువ్వు పంపిన వైస్‌లో బిగిస్తే చెక్క గరిటె కాడకు దాని ఉక్కు పళ్ల గాట్లు పడతా ఉండాయి. అమ్మ మళ్లీ కాలితోనే కొయ్య నొక్కిపెట్టి చెక్కతా ఉండాది. నీకు చెప్పొద్దనింది."

ఎంత పని చేశాను! షాపతను చెక్క పనికి వేరే రకం చూపించాడు. నేను మా వెల్డింగ్ షెడ్ బుద్ధితో, సుత్తి దెబ్బకు పగలనిదే కావాలని ఉక్కుది తీసుకున్నాను. ఎన్నాళ్లు మన్నుతుందని అన్ని షాపుల్లో అడిగానే గానీ, నీకేది కావాలని నిన్ను అడగలేదు. పనికిరాని దానికి నూనె రాసి తుడుస్తూ, వచ్చినవాళ్లకు "మా తమ్ముడు పంపినాడు" అని చూపిస్తున్నావట. అది విన్నాక అన్నం సయించలేదు.

ఆదివారం వచ్చి ఆ పళ్లకు చెక్క తొడుగులు బిగిస్తాను. అందాకా ఉలి ముట్టుకోకు. బావకు దగ్గు తగ్గిందా? దుత్తలూరు నుంచి కొయ్య వచ్చిందా? సుకన్యకు దీవెనలు.

ఉలి గాట్లు పడిన నీ కాలికే దండం పెడుతూ,
తమ్ముడు మాల్యాద్రి