గాజు పెట్టెలో దీపం

విజయనగరం,
మే 1946.

అక్కయ్యకు నమస్కారాలు. బొబ్బిలిలో నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫాను సంగతిలో నన్ను నోరెత్తవద్దని రాశావు. ఎత్తలేదు. అయినా గెలిచాను!

నడవలో వేలాడే గుడ్డ పంకా తాడు లాగే పోతురాజు విశాఖపట్నం రేవులో పనికి వెళ్ళిపోతే, మీ మరిది కలకత్తా నుంచి కరెంటు ఫాను తెప్పించారు కదా. అక్కడే బిగించి మీట నొక్కగానే దేవుడి గూట్లో సంధ్యాదీపం కొండెక్కింది. "దీపాన్ని మింగీసే గాలి నా ఇంట్లో వొద్దు" అని అత్తగారు ఫాను రెక్కలకు పాత పంచె చుట్టించేశారు. అటు పంకా లేదు, ఇటు ఫాను లేదు. మా పసిదాని ఒళ్ళంతా చెమటకాయలు.

నిన్న సాయంత్రం మా అంగడిలో మిఠాయిల మీద ఈగలు వాలకుండా పెట్టే గాజు పెట్టె తెచ్చాను. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పైమూత తీసేసి దీపాన్ని అందులో ఉంచాను. పంచె విప్పించి మీట నేనే నొక్కాను. దీపం నిటారుగా నిలబడింది. అత్తగారు దాన్నే చాలాసేపు చూశారు. ఆనక తన చాప తెచ్చి ఫాను కిందే పరుచుకున్నారు.

ఈవేళ మధ్యాహ్నం కరెంటు పోయింది. "ఏటే కోడలా, గాలి ఎవులు ఆపీసినారు?" అని వీధి వీధంతా వినబడేలా కేక వేశారు. ఎంత హాయిగా ఉందో ఆ కేక!

పంకా గుడ్డ పంపుతున్నాను. పుట్టబోయే నీ బిడ్డకు ఉయ్యాల కట్టుకో. అటక మీద దాచబోతే, "ఇంక దాంతో మనకేటి పని?" అంటూ అత్తగారే మడతపెట్టి ఇచ్చారు.

నీ చెల్లెలు.