కుట్టుమిషను పిట్ట

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, మీ బావగారూ, సోమవారం చెరువులో దిగిన నాలుగు వందల బాతులూ. అక్కడ నువ్వూ, మరదలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు. మోకాలు నడిచేటప్పుడు బాగానే ఉంటోంది, కూర్చుని లేచేటప్పుడే నొప్పి. అందుకని కూర్చోవడం తగ్గించాను. నువ్వు పంపిన బైనాక్యులర్స్‌తో మీ బావగారు ఎదురింటివాళ్ల టీవీ చూస్తున్నారు. పార్కులో పక్షుల్ని చూపించడానికి నేను నడిపించే నడకకి మొన్న ఆదివారం పదకొండు మంది వచ్చారు. ఉత్తర దిక్కుకి పోయే కొంగలు ఒక్క రోజు ఆగి, మేసి, వెళ్లిపోయాయి.

"కుట్టుమిషను పిట్ట వచ్చిందా?" అని కూడా అడిగావు. దాని సంగతి కింద రాస్తాను.

పార్కు చెరువుకి తూర్పు వైపు తుంగంతా కోయించి పడవల రేవు కడతారట. వచ్చే బుధవారం మీటింగు. పార్కు ఆఫీసరు నేను రాసే పక్షుల రిజిస్టరే తెరిచి చూపించాడు. "మీరే రాశారు కదండీ, మూడేళ్లుగా ఆ పిట్ట సున్నా అని. ఇంక ఆ తుంగ ఎవరికోసం?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నీకు తెలుసు, ఆ పిట్ట కంటికి దొరకదు. తుంగ మొదట్లో దాక్కుని అమ్మ కుట్టుమిషనులా సన్నగా, ఆగకుండా కూస్తుంది. చెవితోనే లెక్క. ఇరవై ఏళ్లుగా ఆ చెవి నాది.

ఆదివారం నడకలో కొత్తగా వచ్చిన బేకరీ ఆవిడ తుంగ దగ్గర ఆగిపోయింది. "ఏంటండీ అది, చెవులు చిల్లులు పడేలా గీపెడుతోంది?" అంది. అందరూ నావైపు చూశారు. నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "కీచురాయి" అనేశాను. పోయినేడు ఒకాయన అడిగినా అదే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే మీ బావగారిని తీసుకెళ్లి అక్కడే నిలబెట్టాను. "మీ అమ్మ మిషను చప్పుడే. ఇక్కడొకటి, ఆ గట్టు వైపు ఇంకోటి" అన్నారు. ఆయనకి కాకికీ కోకిలకీ తేడా తెలియదు, ఆయన మాట ఆఫీసులో చెల్లదు.

పోయినేడు నువ్వన్నావు, "అక్కా, నీకు సన్న చప్పుళ్లు వినపడటం లేదు, డాక్టరుకి చూపించుకో" అని. నీ మీద ఇంతెత్తున లేచాను. అప్పట్నుంచి నువ్వు నడకకి రావడం మానేశావు, ఉత్తరాలు మాత్రం మానలేదు. నువ్వన్నది నిజం రా. పిట్ట మూడేళ్లూ వచ్చింది. నా చెవుడు దాచుకోవడానికి దాని పేరు ఎదురుగా సున్నా చుట్టాను. సిగ్గుగా ఉంది.

బుధవారం లేచి ఈ మాట చెప్తాను. నడక ఇంకెవరికైనా అప్పగిస్తారు, అప్పగించనీ. కానీ సున్నా తప్పంటే సరిపోదు, అంకె కావాలి. మంగళవారం తెల్లారేసరికి రా. తుంగ పక్కన నాతో నిలబడు. కొత్త చోట మిషను మొదలైనప్పుడల్లా నా చెయ్యి నొక్కు. నొక్కినప్పుడల్లా ఒక గీత గీస్తాను. కింద "విన్నది తమ్ముడు, రాసింది అక్క" అని ఇద్దరం సంతకం పెడదాం.

ఇట్లు,
మిషను చప్పుడు మరిచిపోని
మీ అక్క