లూపేకు కాచిన కొబ్బరి జావ

ఆక్లండ్, శనివారం

అక్కా,

మన లూపే బతికింది! ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం! దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

లూపే పుట్టుకతోనే గుండె సరిగా లేని పిల్ల కదా, కాన్పు అయిపోతే గండం గడిచినట్టేనని అనుకున్నాను. మంగళవారం బిడ్డ ఏడుపు వినగానే ఇంటికి పరుగెత్తి, నువ్వు చెప్పినట్టే బకెట్టు నిండా లేత కొబ్బరి జావ కాచి తెచ్చాను. నర్సు మాలియా, మన సవాయీ దీవి పిల్లే, ఆసుపత్రి గుమ్మంలోనే అడ్డుపడింది.

"ఏంటి పెద్దయ్యా, ఊరందరికీ విందా?"

"బాలింత తాగాలి కదమ్మా! పాలు పడొద్దూ?"

"కాన్పయ్యాక ఒంట్లో నీరంతా ఆ గుండె మీదికే వస్తుంది పెద్దయ్యా. అసలు గండం ఇప్పుడే. మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తున్నాం."

బకెట్టు అక్కడే దించేశానక్కా. నా చేతులతో నేనే చంపుకునేవాణ్ణి! నాలుగు రోజులు మిషన్‌లో దాని గుండె గీతలే చూస్తూ కూర్చున్నాను. ఈ ఉదయం ఒంటి మీది తీగలన్నీ తీసేశారు. లేచి నడిచింది! "నాన్నా, ఆ బకెట్టంతా నువ్వే తాగేశావటగా?" అని నవ్వింది.

సినపతి వదినకు చెప్పు. పాస్టరు గారికీ, లూపే అన్నలిద్దరికీ చెప్పు. తమ్ముడు లఫాయెలికి మాత్రం నువ్వే వెళ్లి చెప్పాలి. లూపే చావుకి పంచాలని వాడు విడిగా కట్టి పెట్టిన మేలు చాపలు విప్పి, మనవరాలి వేడుకలో పంచమను.